కొండగుర్తు

శరత్తు అనగానే మన సాహిత్య విద్యార్థికి వెంటనే స్ఫురించే సామగ్రి ఒకటి ఉన్నది. తేటపడిన ఏటినీరు, ఒడ్డున విరగబూసిన రెల్లు, పిండి ఆరబోసినట్టుండే వెన్నెల, వానలు వెళ్ళిపోగానే తిరిగివచ్చే హంసలు. అగస్త్య నక్షత్రం ఉదయించగానే జలాలన్నీ నిర్మలమవుతాయని కవిసమయం. ఆ అగస్త్యుడే ఒకప్పుడు సముద్రాన్ని పుడిసిటపట్టి త్రాగాడని పురాణగాథ. అయినా శరత్తును వర్ణించిన మన కవి తరచుగా ఏటిగట్టు మీదనే నిలిచిపోయాడు గాని, ఆ ఏరు పోయి కలిసే చోటి దాకా నడిచింది తక్కువ.

నడిచి ఉంటే అతనికి వేరొక శరత్తు కనబడేది. మన తూర్పు తీరానికి ఇది తుఫానుల ఋతువు. దివిసీమను ముంచి పదివేలకు పైగా ప్రాణాలను బలిగొన్న ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చింది. పంచాంగం తిరగవేసి చూస్తే ఒకటి కార్తికం, మరొకటి ఆశ్వయుజం. అనగా మన కావ్యాలలో కల్లా ప్రసన్నమైన ఋతువు, మన తీరంలో కల్లా భయంకరమైన ఋతువు ఒక్కటే. ఇంకొక విశేషం కూడ ఉన్నది. చేపల వేటకు మంచి కాలం కూడ ఇదే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటను ప్రభుత్వం నిషేధిస్తుంది. ఆ తరువాత నైరుతి గాలుల ఉధృతి. అది కాస్త తగ్గి, నీరు కుదుటబడి, కానాగడతలు గుంపులుగా రావడం మొదలయ్యేసరికి ఆశ్వయుజం వస్తుంది. జాలరి కడుపు నిండవలసిన నెలలు, అతని ప్రాణానికి ముప్పుండే నెలలు కూడ ఇవే.

ఈ ఆశ్వయుజ బహుళంలో మేము నలుగురు మిత్రులము భీమునిపట్నం నుంచి ఒక రోజు వేటకు వెళ్ళాము. ఒకరు భౌతికశాస్త్ర అధ్యాపకులు. ఒకరు ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులు. మూడవవారు బ్యాంకు ఉద్యోగం నుంచి విరమించి, ఆ సందర్భంలో చక్రం అమర్చిన ఖరీదైన గాలపుకర్ర ఒకటి కొనుక్కున్నవారు. నేను తెలుగు పంతులును. మా నలుగురిలో ఇద్దరము చేపను వంటింటి గడప దాటనివ్వని ఇళ్ళలో పుట్టినవారమని చెప్పక తప్పదు. మిగిలిన ఇద్దరికి ఆ లోపం లేదు. మమ్మల్ని తీసుకొని వెళ్ళిన పెద్దయ్య మనుమడు మా ప్రధానోపాధ్యాయుల పాఠశాలలో పదవ తరగతి చదువుతున్నాడు. పరిచయానికి మూలం ఆ కుర్రవాడే.

భీమునిపట్నం గూర్చి వేరే చెప్పనక్కరలేదు. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు వచ్చి వర్తకం చేసి, తమ సమాధులను మిగిల్చిపోయిన ఊరు. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన పట్టణం. ఈ చరిత్ర అంతా ఊరి లోపల ఉన్నది. ఇసుక మీదికి దిగిన తరువాత ఉన్నది వేరే చరిత్ర.

తెల్లవారుజామున నాలుగు గంటలకు తెప్పను నీటిలోకి నెట్టారు. తెప్ప అని ఇప్పటికీ అంటారు గాని అది ఫైబరు పడవ, వెనుక ఒక ఇంజను. పెద్దయ్య చిన్నతనంలో తెప్ప అంటే తేలిక జాతి మానులను చెక్కి, పక్కపక్కన చేర్చి, మోకుతో బిగించి కట్టినదే. వేట ముగిసి వచ్చిన తరువాత కట్లు విప్పి, మానులను ఇసుక మీద ఎండబెట్టేవారట. లేకుంటే అవి నీరు పీల్చి బరువెక్కుతాయి. ఇంగ్లీషు వారు ప్రపంచమంతటా వాడుతున్న కాటమరాన్ అనే మాట తమిళుల కట్టుమరం నుంచి పోయినదేనని విద్యార్థులు విని ఉంటారు. తమిళ మరమే మన మ్రాను. కట్టిన మ్రానులు గనుక కట్టుమరం. 1980 ప్రాంతాల నుంచి ఫైబరు పడవలు క్రమంగా వచ్చి ఆ మానుల తెప్పలను ఒడ్డెక్కించాయి. అది మంచిదే. ఫైబరు నీరు పీల్చదు, త్వరగా పోతుంది, ఎక్కువ చేప మోస్తుంది. కాని మానుల తెప్పలో నడిమి మానుకు ఒక పేరు, అంచు మానుకు ఒక పేరు, ముందు ముక్కుకు ఒక పేరు, ఒక్కొక్క కట్టుకు ఒక్కొక్క పేరు ఉండేవి. ఫైబరు పడవ ఒకే అచ్చులో పోసినది గనుక దానికి భాగాలు లేవు. భాగాలు లేవు గనుక పేర్లు లేవు. పెద్దయ్య ఆ పేర్లు చెబుతూ మధ్యలో రెండుచోట్ల ఆగి, "ఏటనేవోరో మరి, నోటికి రావట్లేదు మేస్టారూ" అన్నాడు. వాడని మాట మనిషి బ్రతికి ఉండగానే ఎట్లా జారిపోతుందో అప్పుడు కళ్ళారా చూశాను.

ఒడ్డు దగ్గర కెరటాలను దాటడమే మొదటి పరీక్ష. పెద్దయ్య తెప్పను పట్టుకొని నిలబడి చూస్తున్నాడు గాని కదలడు. మా బ్యాంకు మిత్రులకు తొందర. పెద్ద కెరటాలు వరుసగా వచ్చి విరిగాయి. ఆ వెనుక చిన్న సందు వచ్చింది. ఆ సందులో నలుగురూ ఒక్కసారి నెట్టి ఎక్కారు. దూరాన పుట్టిన అలలు ఒకదానితో ఒకటి కలిసి గుంపులుగా ప్రయాణం చేస్తాయనీ, అందుచేతనే పెద్ద అలలకూ చిన్న అలలకూ ఇట్లా వంతులు వస్తాయనీ మా భౌతికశాస్త్ర మిత్రులు చీకటిలోనే పాఠం చెప్పారు. పెద్దయ్య దానికి అడ్డు చెప్పలేదు. "అవును బాబూ, గుంపుగానే వస్తాయి" అన్నాడు.

గాలి మా వీపు మీద ఉన్నది. రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, నీరు నిదానంగా చల్లబడుతుంది; అందుచేత తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. పగలు ఎండ ఎక్కిన తరువాత దిక్కు మారి సముద్రం నుంచి నేల మీదికి వస్తుంది. తెరచాపల కాలంలో ఈ గాలితో పోయి ఆ గాలితో తిరిగి వచ్చేవారు. దీనిని వారు గాలివాటం అంటారు. నాకు చప్పున ఒక సంగతి తట్టింది. మన తరగతి గదులలో, పత్రికలలో గాలివాటం అంటే ఆలోచన లేకుండా చేసిన పని. "ఏదో గాలివాటంగా అన్నాడు" అంటాము. ఈ మనిషికి గాలివాటం అంటే రోజంతటిలో కల్లా జాగ్రత్తగా వేసుకొనే లెక్క. ఆ లెక్క తప్పితే ఇల్లు చేరడు. ఒడ్డున ఉన్న మనము దాని ఫలితాన్ని మాత్రమే చూసి, శ్రమలేని పని అనుకొని, ఆ మాటను అజాగ్రత్తకు పర్యాయపదం చేసుకొన్నాము.

ఆ పైన నేను మాటలను వెదకడం మొదలుపెట్టాను. ఆటుపోట్లు అంటే మనకు జీవితంలోని కష్టసుఖాలు. వీరికి పోటు అంటే ఎక్కే నీరు, ఆటు అంటే తీసే నీరు. తిథిని బట్టి దానికి గణితం ఉన్నది. అమావాస్యకూ పున్నమికీ నీరు ఎక్కువ ఎత్తు లేచి ఎక్కువ లోతు దిగుతుంది. సప్తమి అష్టములకు మందగిస్తుంది. పెద్దయ్య పంచాంగం చదవలేదు, కాని ఈ రోజు ఏ తిథి అని అడిగితే తడుముకోకుండా చెబుతాడు. అతని పంచాంగం ఇసుక మీద తడిచార. దరిచేరడం, ఒడ్డున పడడం, గట్టెక్కడం, ఎదురీదడం, చుక్కాని పట్టడం, లంగరు వేయడం - ఇవన్నీ మనము జాతీయాల పట్టికలో వ్రాయించి సొంతవాక్యాలు అడిగే మాటలు. లంగరు పారశీకం నుంచి వచ్చినది. చుక్కానికి మూలం అరబ్బీలో చెబుతారు. మచిలీపట్నాన్ని బందరు అంటున్నామంటే పారశీకంలో రేవుకు ఆ పేరు. తుఫాను కూడ ఆ వైపు నుంచి వచ్చినదే. మన సొంతమాట గాలివాన. ఓడ, పడవ, తెప్ప మన ఇంటివి, నావ సంస్కృతం. ఒక చిన్న తెప్పలో కూర్చొని చూస్తే అరబ్బు నావికుడు, పారశీక వర్తకుడు, మన జాలరి పక్కపక్కన కూర్చున్నట్టు అనిపించింది. రెండు తెరచాపకొయ్యల ఓడను నాణెం మీద ముద్రించిన శాతవాహనుల తీరం గదా ఇది.

తెల్లవారింది. సముద్రం మీద సూర్యోదయాన్ని వర్ణించే పని పెట్టుకోను. అది ఇప్పటికే చాలామంది చేశారు. నీటి రంగు మాత్రం చెప్పాలి. నేను ఊహించిన నీలం కాదు. కొంచెం ఆకుపచ్చగా, కొంచెం మట్టిగా ఉన్నది. మా భౌతికశాస్త్ర మిత్రులు చేత్తో తీసి నాలుకకు తగిలించి, "ఉప్పు తక్కువ" అన్నారు. మేము నవ్వాము. కాని వారు చెప్పినది నవ్వవలసిన విషయం కాదు. మహాసముద్రాల నీటిలో కిలోకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. బంగాళాఖాతపు ఉత్తరభాగంలో వానకాలం తరువాత పైపొర నీటిలో అది 30కి దిగువకు కూడ పడిపోతుంది. కారణం గంగా బ్రహ్మపుత్రలు, మహానది వానకాలమంతా తెచ్చి పోసిన మంచినీరు. శరత్తులో తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. వేసవికి ముందు ఇదే ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి పోతుంది. ఆ దక్షిణపు నడకలో గంగానది నీరు ఒరిస్సా తీరం దాటి మన తీరం వెంబడి దిగివస్తుంది. ఈ నీటి చలనాలను 1950 దశకంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు అమెరికా నుంచి వచ్చిన లాఫాండ్ అనే సముద్రశాస్త్రజ్ఞుడు ఇక్కడి విద్యార్థులతో కలిసి పరిశీలించాడు.

ఇదంతా విని పెద్దయ్యను అడిగాను. "ఈ నెలల్లో నీరు దచ్చనానికి లాగుతాదండి. మాగమాసం దాటితే మళ్ళీ ఉత్తరానికి తిరుగుతాది. వల ఏసినోడికి తెలవదా?" అన్నాడు. అతడు సముద్రాన్ని సముద్రం అనడు. గంగ అంటాడు, గంగమ్మ అంటాడు. ఉప్పునీటిని గంగ అనడం ఏమిటని పండితులు అడగవచ్చు. నీటికంతటికీ గంగ అనే పేరు మన పల్లెలలో ఉన్నదే గనుక దానికి వేరే వ్యుత్పత్తి కల్పించను. అయినా శరత్కాలంలో భీమునిపట్నం ఎదుట ఉన్న నీటిలో నిజంగానే గంగ ఒక పాలు ఉన్నదన్న సంగతి ఆ రోజంతా నన్ను విడవలేదు.

ఇక కొండగుర్తు సంగతి. ఒడ్డు నుంచి మూడు నాలుగు మైళ్ళు వచ్చాము. చుట్టూ ఒకే నీరు. ఇక్కడ ఆగుదామంటే ఎందుకు, అక్కడ ఆగుదామంటే ఎందుకు? నీటి అడుగున అంతటా ఇసుకే ఉంటే చేప నిలవదు. రాతినేల ఉన్నచోట నిలుస్తుంది. ఆ రాయి ఇరవై బారల లోతున ఉన్నది. బార అంటే రెండు చేతులూ చాచినంత కొలత. మన లెక్కల పుస్తకాలలో నుంచి పోయింది, ఇక్కడ ఇంకా ఉన్నది. కనబడని ఆ రాయిని పట్టేది ఎట్లా? పెద్దయ్య నీటిని చూడడు, ఒడ్డును చూస్తాడు. పడమట దీపస్తంభం ఉన్నది. దాని వెనుక పావురాళ్ళకొండ ఉన్నది. తెప్ప కదిలిన కొద్దీ దీపస్తంభం కొండ ముందు అటూ ఇటూ జరుగుతున్నట్టు కనబడుతుంది. అది కొండ భుజం మీదికి వచ్చి నిలిచిన చోట ఒక గీత. దక్షిణాన ఎర్రమట్టి దిబ్బలకు ఆవల ఒక కొండ కొన మరొక కొండ వెనుక నుంచి వేలెడంత బయటికి రావాలి. అది రెండవ గీత. రెండు గీతలూ కలిసిన చోట రాయి. అక్కడే లంగరు పడింది.

మా భౌతికశాస్త్ర మిత్రుల ముఖం వెలిగింది. రెండు సరళరేఖలు ఒకే బిందువు వద్ద ఖండించుకొంటాయన్న సిద్ధాంతానికి ఇంతకంటె మంచి ఉదాహరణ తమకు ముప్పై సంవత్సరాల బోధనలో దొరకలేదన్నారు. నేను వేరే విషయం ఆలోచిస్తున్నాను. దీనిని ఏమంటారు అని పెద్దయ్యను అడగగా అతడు చెప్పిన మాట కొండగుర్తు.

ఎన్ని సంవత్సరాలుగా ఈ మాటను వాడుతున్నాము! పద్యం జ్ఞాపకం ఉండడానికి కొండగుర్తు, సంధి సూత్రానికి కొండగుర్తు, సంవత్సరాల పేర్లకు కొండగుర్తు. మరచిపోకుండా మనస్సులో పెట్టుకొనే ఆనవాలు అన్న అర్థమే మనకు మిగిలింది. దారి తెలియని అడవిలో బాటసారికీ, మందను మళ్ళించే పసులకాపరికీ ఈ మాట పుట్టి ఉండవచ్చు. జాలరిదే అని నేను వాదించను. కాని ఆ మాటలో కొండ అనే అక్షరాలను నిజమైన కొండగా, గుర్తు అనే అక్షరాలను అన్నం పెట్టే గుర్తుగా వాడుతున్న మనిషిని నేను చూడడం అదే మొదలు.

అప్పుడు ప్రధానోపాధ్యాయులు మనుమడిని ఉద్దేశించి, "ఏరా, ఆ సంగతి చెప్పవోయ్" అన్నారు. కుర్రవాడు తల వంచుకొన్నాడు. చివరకు వారే చెప్పారు. కిందటి సంవత్సరం పరీక్షలో జాతీయాలకు సొంతవాక్యాలు వ్రాయమన్నారు. కొండగుర్తుకు ఈ కుర్రవాడు, కొండగుర్తు తప్పితే తాతకు చేప దొరకదు అని వ్రాశాడు. పేపరు దిద్దిన వారు దాని కింద ఎర్రసిరాతో గీత గీసి, అర్థం తెలియలేదు అని వ్రాసి సున్న వేశారు. అర్థం తెలియనిది ఎవరికో పాఠకులు నిర్ణయించుకోవచ్చు. దిద్దినవారిని నిందించడం నా ఉద్దేశం కాదు. వారి చేతిలో ఉన్న పట్టికలో ఆ అర్థం లేదు. ఆ కుర్రవాడు చివరి బల్ల మీద కూర్చుంటాడు, తెలుగులో అంతంతమాత్రం అని పేరు. తెలుగులోని ఇన్ని జాతీయాలకు వాచ్యార్థం తెలిసిన విద్యార్థి ఆ తరగతి మొత్తానికి అతడొక్కడే కావచ్చునన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

కాళిదాసు శాకుంతలంలో ఆరవ అంకం ఒక జాలరితో మొదలవుతుంది. చేప కడుపులో ఉంగరం దొరికిన పాపానికి రక్షకభటులు అతనిని కట్టి కొడుతూ తెస్తారు. నీ వృత్తి ఎంత పవిత్రమైనదో అని ఎగతాళి చేస్తారు. అతడు పుట్టుకతో వచ్చిన పనిని విడువరాదని బదులు చెబుతాడు. ఆ ఉంగరం లేకుంటే దుష్యంతునికి జ్ఞాపకం రాదు, కథ సుఖాంతం కాదు. ఆ నాటకంలో కొట్టిన భటులకు పేర్లు ఉన్నాయి, సూచకుడు, జానుకుడు. రాజుకు మతి తెప్పించిన జాలరికి పేరు లేదు. తరగతిలో ఈ అంకం చెప్పేటప్పుడు నేను ఈ విషయం ఎత్తి చూపుతూ ఉంటాను. విద్యార్థులు వ్రాసుకొంటారు, ప్రశ్నపత్రంలో రాదని తెలియగానే కొట్టివేస్తారు.

వేట గూర్చి చెప్పకుండా ఇంత దూరం వచ్చాను. గాలపు వేట చూడడానికి సులువు. తంగూసు దారానికి చివర సీసపు గుండు, దానికి పైన వరుసగా చిన్న గాలాలు, ఒక్కొక్క దానికి మెరిసే పోగు. బారలు లెక్కపెట్టుకొంటూ దింపి, గుండు నేలకు తగలగానే ఒక బార పైకి తీసి, వేలిమీద దారాన్ని ఆనించి కూర్చోవాలి. చేప తగిలినది వేలికి తెలియాలి. మొదటి గంటలో మాకు తగిలినవి మా వేళ్ళే. పెద్దయ్య మాత్రం ఒక్కొక్క లాగుకు నాలుగైదు కానాగడతలు తీస్తున్నాడు. వీపు మీద పచ్చని నీలపు చారలతో తెప్ప అడుగున అవి తపతప కొట్టుకొంటుంటే మా ఇద్దరు శాకాహారులము చూపు మరల్చుకొన్నాము. రెండు పారలు, నాలుగు గులివిందలు, ఒక మోస్తరు కోనాం దొరికాయి. ఆ కోనాం మా బ్యాంకు మిత్రుల గాలపుకర్రకే తగిలింది. వారు చక్రం తిప్పబోతే దారం చిక్కుపడింది. చివరకు కుర్రవాడు కర్రను పక్కన పెట్టి దారాన్ని చేత్తోనే లాగి చేపను పైకి తెచ్చాడు. ఆ చేప తమదేనని మా మిత్రులు ఈనాటికీ అంటున్నారు.

తొమ్మిది గంటలు కాలేదు. చేప బాగా తగులుతున్నది. అప్పుడు పెద్దయ్య లంగరు తీయమన్నాడు. ఆకాశం నిర్మలం. గాలి దాదాపు లేదు. కాని తెప్ప నెమ్మదిగా, ఎత్తుగా లేచి దిగడం మొదలుపెట్టింది. "గాలి నేదు, గంగ పొంగుతాంది. ఇది ఇక్కడి పొంగు కాదు బాబూ" అన్నాడు. దూరాన ఎక్కడో గాలివాన ఉంటే దాని అలలు దానికంటె వేగంగా ముందు వచ్చి చేరుతాయని భౌతికశాస్త్ర మిత్రులు అన్నారు. కుర్రవాడు ఫోను తీసి చూశాడు. సముద్రం లేని హైదరాబాదులో 1999లో నెలకొల్పిన మహాసముద్ర సమాచార కేంద్రం నుంచి అలల ఎత్తు, గాలి దిశ, చేపలు ఎక్కువగా ఉండగల చోటు కూడ వీరికి అందుతాయి. ఆ రోజు హెచ్చరిక ఏదీ లేదు. బ్యాంకు మిత్రులు ఇంకొక్క అరగంట అన్నారు. పెద్దయ్య వినలేదు. వచ్చేశాము.

ఆ రోజు తుఫాను రాలేదు. మరునాడూ రాలేదు. సాయంత్రానికి ఆ పొంగు కూడ తగ్గిందట. అనవసరంగా వచ్చేశామని మా మిత్రులు ఒడ్డున కాస్త ఎత్తిపొడిచారు. పెద్దయ్య చిన్నబుచ్చుకోలేదు. "రాని దినం ఎనక్కొచ్చినోడే వచ్చిన దినం మిగుల్తాడు" అని తాడు చుట్టుకొన్నాడు.

కార్తికం దగ్గరపడితే చేపకు ధర పడిపోతుంది. సగం ఊరు నెల రోజులు మాంసం, చేపలు ముట్టదు. చేప ఎక్కువ పడే నెలలోనే కొనేవారు తక్కువ. ఇది ఏ అర్థశాస్త్ర పుస్తకంలోనూ కనబడని చిక్కు. ఇసుక మీద పాట మొదలయింది. పాట పాడేది, బేరం తెగ్గొట్టేది, గంపలెత్తుకొని పట్నానికి బస్సెక్కేది అంతా స్త్రీలు. వేటలో మగవాడు చూపిన నేర్పుకు వెల కట్టేది వీరే. ఖర్చులు పోగా మిగిలినది తెప్పకు, ఇంజనుకు, మనుషులకు వాటాలు. ఈ వాటాలతో ఇల్లు గడవకనే ఈ తీరం నుంచి, ముఖ్యంగా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పేటల నుంచి, వేలమంది గుజరాతు రేవులకు వలస పోతున్నారు. 2018 నవంబరులో అట్లా వెళ్ళిన ఇరవైమంది మన జాలరులు సరిహద్దు దాటారని పాకిస్తాను వారికి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ ఉదంతం ఆధారంగా 2025లో వచ్చిన చలనచిత్రం వలన తండేలు అన్న మాట మన ఇళ్ళలోకి వచ్చింది. పడవకు పెద్ద అని దాని అర్థం. ఈ కుర్రవాని తండ్రి వేరావలులో తండేలు. సంవత్సరంలో ఎనిమిది నెలలు ఇంట ఉండడు. అక్కడి సముద్రంలో ఇక్కడి కొండలు ఉండవు గనుక ఆయన జీపీయెస్‌ను నమ్ముకొన్నాడు.

ఇక్కడ కూడ ఇప్పుడు జీపీయెస్ వచ్చింది. కొండలు మంచులో కనబడని రోజు కూడ రాయి మీదికి తీసుకొని పోతుంది. మరి కొండగుర్తులు ఎవరు నేర్చుకొంటారు అని కుర్రవాణ్ణి అడిగాను. అతడు తన ఫోను చూపించాడు. సముద్రంలో తాత చూపిన రాళ్ళన్నీ అందులో చుక్కలుగా ఉన్నాయి. యంత్రం వాటికి ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి ఇచ్చింది. కుర్రవాడు ఆ అంకెలను తీసివేసి, ఒక్కొక్క చుక్కకు తాత చెప్పే కొండ పేరు, దాని ముందు నిలిచే చెట్టు పేరు, గుడి పేరు ఇంగ్లీషు అక్షరాలలో కొట్టి పెట్టుకొన్నాడు. పదహారు చుక్కలు. ఆ పేర్లలో సగం ఏ పటంలోనూ లేవు.

"తెలుగు అక్షరాలలో ఎందుకు వ్రాయలేదురా?" అన్నారు ప్రధానోపాధ్యాయులు.

"తప్పులొస్తాయని సార్" అన్నాడు.

ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తిపదకోశం 1962లో వెలువడింది. 1971లో చేనేత వచ్చింది. ఆ పద్ధతిలో ఊరూరా తిరిగి మాటలు సేకరించిన వారు విశ్వవిద్యాలయాల వారు. ఆ పనికి తీరంలోని ప్రతి పాఠశాలలోనూ ఇప్పటికే మనుషులు ఉన్నారని, హాజరుపట్టీలో వారి పేర్లు కూడ ఉన్నాయని నేను అంటూ ఉండగానే, మా ప్రధానోపాధ్యాయులు జేబులో నుంచి చిన్న పుస్తకం తీసి కుర్రవాని చేతికిచ్చారు. అతడు తడి చేతులు చొక్కాకు తుడుచుకొని, ఇసుక మీద కూర్చొని, తాత వైపు తిరిగాడు. పెద్దయ్య మొదట సిగ్గుపడి, తరువాత ఒక్కొక్కటే చెప్పసాగాడు. అటు పాటలో గులివిందల గంప తెగింది. కుర్రవాడు మూడవ మాట దగ్గర ఆగి, "సార్, ఇది ళ నా, ల నా?" అని అడుగుతున్నాడు. పెద్దయ్య ఆ మాటను మళ్ళీ గట్టిగా పలికి వినిపించాడు.